కడిగిన రాళ్ళు

మూడో అంతస్తులో ఉన్న సూదమ్మ ఇంటికి గాజుతొట్టె చేరడానికి నలుగురు మగాళ్ళు, ఒక తాడు, అత్తగారి శాపనార్థాలు కావలసి వచ్చాయని కథ వెంట నడుస్తున్నవాళ్ళకి తెలుసు. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు.

సూదమ్మ ఆమె అసలు పేరు కాదు. కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళ రక్తాన్ని శుభ్రం చేసే యంత్రాల దగ్గర పదహారేళ్ళుగా టెక్నీషియన్. నొప్పి తెలియకుండా సూది గుచ్చుతుందని పేషెంట్లు పెట్టిన పేరు ఆస్పత్రి గేటు దాటి, బస్సెక్కి, ఇంటికొచ్చి అత్తగారి నోట్లో కూడా స్థిరపడిపోయింది. నాలుగో నంబరు మంచం మీద వారానికి మూడుసార్లు పడుకునే పెద్దాయన ఒకప్పుడు లిఫ్టు మెకానిక్. ఆమె ఆయన్ని బాబాయ్ గారూ అంటుంది. పదకొండేళ్ళుగా తన ఇంట్లో నడిపిన సముద్రపు చేపల తొట్టెని ఆయన ఆమెకి అమ్మాడు. కారణం ఎడమచెయ్యి. యంత్రానికి కలపడం కోసం ఆ చేతిలో రెండు రక్తనాళాలని కలిపి కుట్టారు. దాంతో బరువెత్తకూడదు, దాని మీద బరువు మోపకూడదు. ఇన్నాళ్ళూ కుడిచేత్తో ఎలాగో నెట్టుకొచ్చాడు. బకెట్లు ఎత్తలేనివాడు చేపలేం పెంచుతాడు? పైగా వచ్చే శనివారం ఇల్లు ఖాళీ చేసి, వేరే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు.

తొట్టె, పంపు, హీటరు, ఇసుక, రెండు బకెట్ల రాళ్ళు సూదమ్మ ఇంటికి చేరి మూడు వారాలైంది. చేపలు రెండు మాత్రం ఆయన ఇంట్లోనే ఒక ప్లాస్టిక్ టబ్బులో ఉన్నాయి. తొట్టె సిద్ధమైందని ఆమె చెప్పడమే ఆలస్యం.

ఆ మాట చెప్పడానికే మంగళవారం పొద్దున్న ఆమె తలదువ్వుకుంటోంది.

వెళ్ళేముందు అలవాటుగా తొట్టె లైటు వేసింది. ఆ స్విచ్చి మామూలు స్విచ్చి కాదు, ఏదో పాత లిఫ్టులోంచి ఊడదీసిన గుండ్రటి ఇత్తడి బటను. దాని మీద పైకి చూసే బాణం గుర్తు. నొక్కితే బాణం పచ్చగా వెలిగి, నీళ్ళు నీలంగా మారతాయి. తొట్టెకి ఒక పక్క పాత గీత ఒకటి ఉంది. స్టాండు కాళ్ళలో ఒకటి పొట్టిది, దాని కింద భర్త మడిచిన రేకుముక్క పెట్టాడు. అయినా నీళ్ళు మాత్రం కళ్ళజోడు అద్దంలా ఉన్నాయి. అడుగున తెల్లటి ఇసుక, దాని మీద తెల్లటి రాళ్ళు.

"చేపల్లేని చేపల తొట్టె. పెళ్ళికొడుకు లేని పెళ్ళిలా లేదూ?" అన్నాడు భర్త, చెప్పులేసుకుంటూ.

"నా కూరలో ఉప్పెక్కువైతే ఇల్లు పీకి పందిరేస్తావు. ఈ నీళ్ళకి మాత్రం మీ ఆవిడ తూచి తూచి వేస్తుంది," అంది అత్తగారు. "ఏమే సూదమ్మా, వాటికి ఉప్పు తగ్గితే అవి కూడా పళ్ళెం తోసేస్తాయా?"

"తొయ్యవు అత్తయ్యా. చచ్చిపోతాయి."

"అయితే మావాడికంటే అవే నయం. నోరు లేదు."

సూదమ్మ నవ్వుకుంటూ మెట్లు దిగింది. లిఫ్టు ఆరు నెలలుగా పాడైపోయి ఉంది. దాని తలుపుకి కట్టిన అట్టముక్క మీద రాతలు కూడా వెలిసిపోయాయి.

ఆమెకి ఈ తొట్టె ఎందుకు కావలసి వచ్చిందో ఇంట్లో ఎవరూ సరిగ్గా అడగలేదు. అడిగినా ఆమె సరిగ్గా చెప్పేది కాదు. పదహారేళ్ళలో ఆమె చేతిలో బాగుపడి, ఇక రానక్కర్లేదు అనిపించుకుని వెళ్ళినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. మిగిలినవాళ్ళు వస్తారు, వస్తూనే ఉంటారు, ఒకరోజు రారు. తన చేతి మీద ఒక్కటైనా తనంతట తాను బతుకుతుంటే చూడాలని ఆమెకి ఉండేది.

*

వార్డులో ఆమె మొదట చేసే పని ఎప్పుడూ ఒకటే. లిఫ్టు మెకానిక్ ఎడమచేతి మీద, ముంజేతికీ మోచేతికీ మధ్య ఉబ్బి మెలితిరిగిన నరం మీద, మూడువేళ్ళు ఆనించి ఒక్క క్షణం ఆగడం. కలిపి కుట్టినచోట రక్తం వడిగా పారుతూ వేళ్ళకి సన్నగా గుర్రుమని తగులుతుంది. ఆ గుర్రు ఉంటేనే సూది. అది ఆగిపోతే ఆ చెయ్యి ఇక యంత్రానికి పనికిరాదు, వెంటనే సర్జన్ దగ్గరికి పరుగెత్తాలి, ఆగి ఎన్ని గంటలైందన్నదాని మీదే అది దక్కడం ఉంటుంది.

"మోటారు నడుస్తోందా అమ్మాయ్?" అన్నాడాయన. ఆరేళ్ళుగా ప్రతిసారీ అడిగేది అదే.

"నడుస్తోంది బాబాయ్ గారూ."

"మరి ఎక్కించు పైకి."

రెండు సూదులూ గుచ్చి, గొట్టాలు కలిపింది. యంత్రం తిరగడం మొదలైంది. ఇక నాలుగు గంటలు ఆయన ఆ మంచానికి కట్టుబడి ఉంటాడు. ఆమె ఆ వరసలో ఉన్న ఆరు మంచాలకి కట్టుబడి ఉంటుంది. మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి చోటు, పారిపోవడానికి ఇంతకంటే చెడ్డ చోటు లేవు.

"చెప్పు. ఉప్పు?"

"మీరు చెప్పినంతే. పొద్దునా సాయంత్రం చూస్తున్నా." ఉప్పు కొలవడం ఆమెకి చేతనైన విద్య. ఈ యంత్రాల్లోకి వెళ్ళే నీళ్ళలోనూ రోజూ కొలిచేది అదే.

"వేడి?"

"ఇరవయ్యారు. కదల్లేదు."

"మూడువారాలైంది కదా. అద్దాలకి గోధుమరంగు పొర పట్టిందా?"

సూదమ్మ ఈ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు మొహం వెలిగించుకుంది. "పొరా? ఒక్క మచ్చ కూడా లేదు బాబాయ్ గారూ. అద్దంలో మొహం చూసుకోవచ్చు."

ఆయన తల పైకెత్తాడు. పైన తిరుగుతున్న ఫ్యాను వైపు కాసేపు చూశాడు.

"ఇసుక మీద?"

"లేదు."

"రాళ్ళ మీద ఊదారంగు మచ్చలుండేవి. పెద్దవయ్యాయా, చిన్నవయ్యాయా?"

"ఆ మచ్చలన్నీ పోయాయి," అంది ఆమె. అని, తొందరగా ఫోను తీసి ఫొటో చూపించింది. "చూడండి ఎంత శుభ్రంగా ఉన్నాయో. మీరు పంపించినప్పుడు ఒకటే జిగురు, నీచువాసన. ఒకదాంట్లోంచి పురుగు కూడా బయటికొచ్చింది, మా అత్తగారు చూసి కెవ్వుమన్నారు. మన దగ్గర యంత్రాలకి చేసినట్టే చేశాను. రెండురోజులు బ్లీచింగులో నానబెట్టి, బ్రష్షుతో తోమి, ఏడునీళ్ళలో కడిగాను. వాసన పూర్తిగా పోయేదాకా ఎండబెట్టి, మళ్ళీ..."

ఆయన మొహం చూసి ఆగిపోయింది.

ఆయన ఫోనుని కుడిచేత్తో పట్టుకుని దగ్గరగా తీసుకున్నాడు. బొమ్మని బొటనవేలితో పెద్దది చేశాడు. ఆ మూలా ఈ మూలా జరిపి చూశాడు.

"ఎముకలు," అన్నాడు.

"ఏమిటి బాబాయ్ గారూ?"

"తడి ఆరనివ్వొద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు. కానీ కడగొద్దని చెప్పలేదు కదా."

"రాళ్ళని ఎవరైనా కడుగుతారని నాకు తట్టలేదు." గొంతు పెంచలేదు. పక్కమంచం మీది మనిషికి కూడా వినపడనంత మామూలుగా మాట్లాడాడు. "అవి రాళ్ళనుకున్నావా? చేప నీళ్ళలో ఉచ్చపోస్తుంది. ఆ ఉచ్చ దానికే విషం. సముద్రంలో అయితే ఎంత పోసినా చెల్లుతుంది, నాలుగడుగుల పెట్టెలో ఎక్కడికి పోతుంది? ఆ రాళ్ళ బెజ్జాల్లో క్రిములుంటాయి. అవి ఆ విషాన్ని తింటాయి. ఈ యంత్రం నాకేం చేస్తోందో ఆ రాళ్ళు చేపలకి అది చేస్తాయి. పదకొండేళ్ళుగా పెరిగిన క్రిములవి."

సూదమ్మ చూపు అప్రయత్నంగా యంత్రం మీదికి వెళ్ళింది. గొట్టాల్లో రక్తం ఎప్పటిలాగే తిరుగుతోంది.

"మళ్ళీ పెరగవా?"

"పెరుగుతాయి. నెల, నెలన్నర."

"మీరు శనివారం..."

"శనివారం."

"మీ అమ్మాయి గారు టబ్బు తీసుకెళ్ళనివ్వరా? ఒక్క నెల. తర్వాత నేనొచ్చి..."

"మా అమ్మాయి ఇంట్లో పసిపిల్లవాడున్నాడు. వాడు మొన్న వీడియోలో టబ్బు చూసి, ఎప్పుడు దూకుదామా అన్నట్టు నవ్వాడు. అదీగాక ఏడుగంటల ప్రయాణం. ఆ రెండింటికీ నాలాగే వయసు మీద పడింది." ఫోను ఆమె చేతికిచ్చేశాడు. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, వినడమే గానీ ఎప్పుడూ చూళ్ళేదు."

ఆమె ఏదో అనబోయింది. మూడో మంచం దగ్గర యంత్రం కూతపెట్టింది, వెళ్ళక తప్పలేదు. తిరిగొచ్చేసరికి ఆయన మొహం గోడవైపు తిప్పుకుని ఉన్నాడు. తర్వాత మూడుగంటల సేపు అడిగిన వాటికి "ఊఁ" అన్నాడు, అడగని వాటికి ఏమీ అనలేదు. నిద్రపోతున్నాడేమోనని ఆమె ఒకసారి వంగి చూసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

యంత్రం ఆగాక, సూదులు తియ్యడానికి గాజుగుడ్డ మడిచి పట్టుకుని ఆమె మంచం పక్కన నిలబడింది.

"ఆ రెండో సిస్టరుని రమ్మను," అన్నాడాయన.

ఆరేళ్ళలో ఆ చేతి మీద మరొకరి చెయ్యి పడలేదు. ఆమె సెలవు పెట్టిన రోజుల్లో కూడా ఆయన బేరమాడి తన వంతు మార్పించుకునేవాడు. సూదమ్మ గాజుగుడ్డని ట్రేలో పెట్టి, రెండో సిస్టరుని పిలిచి, ఆరో మంచం దగ్గరికి వెళ్ళి బీపీ చూసింది. సరిగ్గా వినపడక మళ్ళీ చూసింది. అదీ సరిగ్గా వినపడలేదు.

*

బుధవారం ఆమె అక్వేరియం దుకాణానికి వెళ్ళింది. దుకాణదారు చెప్పింది కూడా నెల రోజులే. క్రిములు నింపి అమ్మే సీసామందు ఒకటుంది గానీ, అది పోశాక కూడా రెండువారాలు ఆగి చూడాలన్నాడు. ఆ రెండు చేపల్నీ నెల రోజులు దుకాణంలో ఉంచుకుంటావా అని అడిగింది.

"వయసెంత?"

"పదకొండేళ్ళు."

"ఇక్కడి పిల్లచేపల మధ్య పడేస్తే పొడుచుకు తినేస్తాయమ్మా. విడిగా పెట్టడానికి నాకు చోటు లేదు. అయినా ముసలిచేపల్ని ఎవరు చూసుకుంటారు?"

సీసా మాత్రం కొనుక్కుని వచ్చి మూత తీసి తొట్టెలో వంపింది. నీళ్ళు కాస్త మసకబారి, గంటలో మళ్ళీ తేటపడిపోయాయి. ఇంతకుముందు ఏ తేటదనం చూసి మురిసిపోయిందో, ఇప్పుడు అదే చూడలేక లైటు ఆర్పేసింది.

అత్తగారు పక్కకొచ్చి నిలబడింది. "ఇంత శుభ్రంగా ఉంటే ఇంకేం రోగమే?"

"శుభ్రమే రోగం అత్తయ్యా."

"మా అత్తగారు ఆ మాట ఒక్కసారంటే నా నడుం మిగిలేది," అంది ఆవిడ. కోడలు నవ్వలేదని చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

గురువారం ఏడింటికి నాలుగో మంచం ఖాళీగా ఉంది.

ఏడుంపావుకీ ఖాళీగానే ఉంది. ఆరేళ్ళలో ఆయన పది నిమిషాలు కూడా ఆలస్యంగా రాలేదు. ఏడున్నరకి ఆమె ఆయన కూతురికి ఫోను చేసింది. ఇల్లు సర్దడానికి కూతురు ముందురోజే వచ్చి ఉంది.

"ఆస్పత్రికే కదండీ బయల్దేరారు. ఆరింటికే ఆటో ఎక్కారు. అక్కడ లేరా?" కూతురి గొంతు మారింది. "ఉండండి, ఉండండి... టబ్బులో చేపల్లేవు."

ఆమె ఫోను పెట్టీ పెట్టకముందే అత్తగారి దగ్గర్నుంచి మోగింది.

"ఏమే, ఎవరో పెద్దాయన బకెట్టుతో వచ్చి కూర్చున్నాడు. మెట్ల మీదే సగం ప్రాణం పోయినట్టుంది. మంచినీళ్ళిస్తే వద్దన్నాడు, రోజుకి ముప్పావు లీటరే రేషనట. చేపలకి మాత్రం నా చేత గ్లాసులు గ్లాసులు పోయిస్తున్నాడు."

అరగంట పర్మిషన్ అడిగి, ఏప్రన్ విప్పకుండానే ఆమె బస్సెక్కింది. మూడంతస్తులు ఆగకుండా ఎక్కింది.

లిఫ్టు మెకానిక్ తొట్టె ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మొహం పాలిపోయి, కాళ్ళు చెప్పుల మీద ఉబ్బి ఉన్నాయి. లిఫ్టు బటను పచ్చగా వెలుగుతోంది. కింద బకెట్టు, దాని పక్కన అత్తగారు నేలమీద చతికిలబడి, చేతిలో స్టీలు గ్లాసుతో గోడగడియారం చూస్తోంది.

"ఐదు నిమిషాలకొకటి. ఇది తొమ్మిదోది," అంది అత్తగారు పనిలోంచి తలెత్తకుండా. "ఉన్నట్టుండి వేస్తే కొత్తనీళ్ళకి దడుసుకుంటాయట. పెద్దది ఆడదిటే. పెత్తనమంతా దానిదేనట. చిన్నవాడు దాని వెనకాల తిరుగుతాడు, అంతే."

"బాబాయ్ గారూ, ఇవాళ గురువారం," అంది సూదమ్మ. ఆయాసంతో మాట విరిగింది. "మంగళవారం నుంచి ఒంట్లో చేరిన నీళ్ళన్నీ లోపలే ఉన్నాయి. మీరీపాటికి మంచం మీద ఉండాలి. మీకు తెలీదా?"

"మనిషి రెండు గంటలు ఆలస్యమైతే చావడు. కూర్చో." బకెట్టులోంచి కుడిచేత్తో నల్లటి స్పాంజిముక్క తీశాడు. అది మురికితో బరువుగా వేలాడుతోంది. "ఇది నా టబ్బు పంపుది, నిండా క్రిములే. నీ పంపు మూతికి కట్టు. మళ్ళీ చెబుతున్నా, కడగొద్దు."

"కడగను."

"ఒట్టు?"

"ఒట్టు."

"ఇంకోటుంది." బకెట్టు అడుగునుంచి పిడికెడంత రాయి తీశాడు. దాని ఒంటినిండా ఊదారంగు మచ్చలు. "చేపలు దాక్కోడానికి ఇదొక్కటీ ఉంచాను. నీ ఎముకల మధ్య దీన్ని పెడితే, దీన్నుంచి వాటికీ క్రిములు అంటుకుంటాయి. మొన్న కోపంలో గుర్తురాలేదు. నిన్న రాత్రి టబ్బు ముందు కూర్చుంటే గుర్తొచ్చింది. మేత తక్కువ వెయ్యి, రోజూ నాలుగోవంతు నీళ్ళు మార్చు. బతికితే బతుకుతాయి."

ఆమె స్పాంజిని పంపుకి కట్టింది. రాయిని తెల్లటి రాళ్ళ మధ్య పెట్టింది. కడిగిన వాటి మధ్య అది ఒక్కటే మురికిగా, ఒక్కటే ప్రాణమున్నట్టుగా కనిపించింది. పదో గ్లాసు అయ్యాక అత్తగారే బకెట్టులోకి జల్లెడ దించి, రెండు చేపల్నీ ఎత్తి తొట్టెలోకి వదిలింది. నారింజరంగు మీద తెల్లటి పట్టీలు. పెద్దది నేరుగా ఊదారాయి వెనక్కి వెళ్ళింది. చిన్నది అటూ ఇటూ తిరిగి, దాన్ని వెతుక్కుంటూ వెళ్ళింది.

"చెప్పలా?" అంది అత్తగారు గర్వంగా.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "మీ లిఫ్టు తలుపు సెన్సారు పోయినట్టుంది. అరగంట పని. ఊరిజనాన్నంతా ముప్పైయేళ్ళు మెట్టెక్కనివ్వకుండా పైకెక్కించాను, నేనెక్కాల్సొచ్చిన రోజు మెట్లే దిక్కయ్యాయి. ఆరుచోట్ల ఆగాను."

"ఇంక లేవండి, కింద ఆటో చూద్దాం."

"లేస్తాను. ఇవాళ నువ్వే గుచ్చు. ఆ రెండో సిస్టరు తీసేటప్పుడే ప్రాణం తీసింది, గుచ్చితే ఏమైపోతానో." కళ్ళు చేపల మీదే ఉన్నాయి.

అది క్షమాపణో, క్షమించడమో ఆమె తేల్చుకోలేదు. తేల్చుకోవలసిన అవసరం కూడా కనపడలేదు. బకెట్టు పక్కకి జరపబోయి, దాని బరువుకి ఆగిపోయింది. సగానికి పైగా నీళ్ళున్నాయి.

"దీన్ని ఏ చేత్తో మోశారు?"

"కుడిచెయ్యి మెట్ల కమ్మీకి కావాలిగా. చేత్తో మొయ్యలేదులే, మోచేతి మడతలో తగిలించుకున్నా. ఎత్తొద్దన్నారు గానీ తగిలించుకోవద్దని ఎవరూ చెప్పలేదు."

సూదమ్మ ఆయన ఎడమచేతి చొక్కా పైకి మడిచింది. మోచేతి మడతకి కిందుగా, బకెట్టు కాడ ఒరుసుకున్నచోట, ఎర్రటి గాడి పడి ఉంది. మూడువేళ్ళు ఎప్పుడూ ఆనించే చోట ఆనించింది. కాస్త కిందికి జరిపింది. పైకి జరిపింది. మెలితిరిగిన నరం గట్టిగా, తాడుముక్కలా తగిలింది. వంగి చెవి పెట్టింది. తొట్టె పంపు గుర్రు వినపడింది. చెయ్యెత్తి పంపు స్విచ్చి ఆపి, మళ్ళీ చెవి పెట్టింది.

"అదేమిటే, పంపు ఆపావు?" అంది అత్తగారు.

లిఫ్టు మెకానిక్ రాయి వెనకనుంచి తొంగిచూస్తున్న చిన్నచేపని చూసి నవ్వుతున్నాడు.

"మోటారు నడుస్తోందా అమ్మాయ్?"

సూదమ్మ చెవి తియ్యలేదు. గోడగడియారం మాత్రం ఆమెకి కనిపిస్తోంది.

"బాబాయ్ గారూ," అంది చాలా మామూలుగా, "ఆ బకెట్టు మీరు మొదటిసారి చేతికి తగిలించుకున్నప్పుడు టైమెంతైందో చెప్పగలరా?"